యుద్ధం ముంచుకొస్తే జూలో బోను తలుపులు తీసేయడమే దయా?

పొదరిల్లు:
యుద్ధంలో చిక్కుకున్న జూల గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఒకే మాట అంటారు: "కనీసం తలుపులు తీసి వదిలేయాల్సింది, పాపం." వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ ఒక్కరోజు గడువులో, చేతిలో తాళాల గుత్తితో నిలబడ్డ మనిషి నిజంగా ఏం చేయాలి? తలుపులు తీసేయాలా, సూది వేసి చంపేయాలా, నీళ్లు పెట్టి తాళం వేసి వెళ్లిపోవాలా?

ఇంకో సందేహం. ఇరాక్‌లోని మోసుల్, సిరియాలోని అలెప్పో, పాలస్తీనాలోని గాజాల నుంచి కాపాడి తెచ్చిన సింహాలను వేరే దేశంలో మళ్లీ ఒక కంచె లోపలే పెట్టారు. దాన్ని స్వేచ్ఛ అనాలా, మెరుగైన జైలుకు బదిలీ అనాలా? అయ్యో పాపం అనే మాటలు నేనూ అనగలను. ఈ పని తెలిసినవాళ్లు ఆచరణలో ఏమవుతుందో చెప్పండి.

గడియ:
పొదరిల్లు గారూ, తాళం తీస్తే జంతువు ఎటో పారిపోతుందని అనుకుంటాం. పోదు. ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే తచ్చాడతాయి. బోనులో పుట్టిన సింహానికి మనిషంటే భయం ఉండదు. దాని లెక్కలో మనిషంటే మాంసం బకెట్ తెచ్చేవాడు. ఆకలేస్తే మనుషులున్న వైపే నడిచి వస్తుంది. ఎదురుగా తుపాకీ పట్టుకున్నవాడికి ఆ నడక దాడిలా కనిపిస్తుంది. 2003 ఏప్రిల్‌లో బాగ్దాద్ జూ నుంచి బయటపడ్డ సింహాల్లో నాలుగింటిని అమెరికన్ సైనికులు కాల్చి చంపారు.

కాబట్టి ఒక్కరోజు గడువుంటే చేయాల్సిన పని ఇది: బయటి తాళాలు వేసే ఉంచాలి, లోపలి తలుపులు తీయాలి. పెద్ద జంతువులకు సాధారణంగా ఒక రాత్రి గది, ఒక బయటి ఆవరణ ఉంటాయి. మధ్యలో పైకి లేచే జారుడు తలుపు. దాన్ని పూర్తిగా ఎత్తి ఇనుప గొలుసుతో బోల్టు బిగించాలి. తాడుతో కట్టి వెళ్తే నిప్పుకు కాలిపోతుంది, లేదా జంతువే కొరికేస్తుంది. అప్పుడు ఆ తలుపు సరిగ్గా కింద ఉన్న జంతువు నడుం మీద పడుతుంది. పేలుళ్లు వినపడితే లోపలికి, పొగ వస్తే బయటికి పోయే వీలు దానికి మిగలాలి. ఒకదానితో ఒకటి పడని రెండు మగవాటిని మాత్రం ఈ హడావుడిలో కలపొద్దు.

తర్వాత నీళ్లు. కరెంటు పోతే పంపు ఆగిపోతుంది, అసలు చావులు మొదలయ్యేది అక్కడే. పెద్ద సింహానికి, పులికి ఎండాకాలంలో రోజుకు 10 లీటర్లు లెక్కేసుకోండి. ఐదు రోజులకు 50 లీటర్లు. ప్లాస్టిక్ టబ్బు పెడితే ఆడుకుని బోర్లా పడేస్తుంది, నమిలేస్తుంది. ఇనుప తొట్టెలు, అవి కూడా రెండు, రెండు చోట్ల. ఒకదానికి తూటా ముక్క తగిలి చిల్లు పడినా రెండోది ఉంటుంది. ఏనుగుకు రోజుకు 150 లీటర్లు ఎక్కడా నిల్వ పెట్టలేం, దాని మడుగునే నిండా నింపి వదలాలి. శుభ్రం చేద్దామని ఆ వారం మడుగు ఖాళీ చేసే పని పెట్టుకోవద్దు.

మేతలో జనం చేసే తప్పు రెండు రకాలు. మాంసాహార జంతువుకు వారానికి సరిపడా మాంసం కుప్ప పోసి వెళ్తారు. రెండో రోజుకే కుళ్లి పురుగు పడుతుంది. అది తిని విరేచనాలు పట్టుకుంటే ఉన్న కాస్త నీరూ ఒంట్లోంచి పోతుంది. పెద్ద పిల్లి జాతి జంతువు వారం రోజులు తిండి లేకుండా నెట్టుకొస్తుంది, నీళ్లు లేకుండా నెట్టుకురాలేదు. ఒక రోజు మేత రెండింతలు పెట్టి ఆపేయండి. గిట్టల జంతువుల దగ్గర తప్పు ఇంకోలా ఉంటుంది. ఎండుగడ్డి ఐదు రోజులది గుట్టగా వేయొచ్చు, ఏమీ కాదు. దాణా బస్తా విప్పి వదిలేస్తే మాత్రం ఒక్క పూటలో తినేస్తాయి, కడుపులో ఆమ్లం పెరిగి ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతాయి. జాలితో విప్పిన బస్తా అది.

నిజంగానే బయటికి తోలదగ్గవి కొన్ని ఉన్నాయి. మేకలు, గొర్రెలు, గాడిదలు, ఒంటెలు: ఇవి మనిషి దగ్గర బతకడం తెలిసినవి, పొరుగు రైతులకు కాగితం రాసిచ్చి అప్పగించేయొచ్చు. బాతులు, హంసల రెక్కలు చూడండి. ఈకలు మాత్రమే కత్తిరించి ఉంటే రాల్చుకునే కాలంలో కొత్తవి వస్తాయి. రెక్క చివరి కీలు తీసేసి ఉంటే జన్మలో ఎగరలేవు, తలుపు తీస్తే వీధికుక్కలకు పెట్టినట్టే. విషసర్పాల గది ఎట్టి పరిస్థితుల్లోనూ తీయకూడదు. ఆ ఊళ్లో ఆసుపత్రే నడవడం లేదు, విరుగుడు మందు ఎవరిస్తారు?

చివరగా ప్రతి తలుపు మీద స్థానిక భాషలో నాలుగు మాటలు రాసి అంటించాలి: లోపల ఏముంది, ఎన్ని ఉన్నాయి, రోజుకు ఎన్ని నీళ్లు, ఏ తలుపు తీయకూడదు. మీ తర్వాత వచ్చేది సైనికుడు కావచ్చు, పక్కింటి కుర్రాడు కావచ్చు. గొట్టంతో బయటి నుంచే తొట్టె నింపగలిగేలా ఉంటే వాళ్లలో ఎవరైనా పని కానిచ్చేస్తారు.

ఆకురాయి:
గడియ గారు ఆచరణ చెప్పారు కాబట్టి నేను వెనక్కి వెళ్తాను. "వదిలేయడం" అనే మాట చరిత్రలో ఎక్కువసార్లు దయగా రాలేదు, భయంగా వచ్చింది. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించగానే లండన్ జూ తన విషసర్పాలను చంపేసింది, బాంబు పడి అద్దాలు పగిలితే బయటికొస్తాయని. ఏనుగులను, పాండాలను ఊరి బయట విప్‌స్నేడ్ జూకు తరలించారు. 1940లో బాంబులు నిజంగానే పడ్డాయి. అప్పుడు తప్పించుకున్నది ఒక జీబ్రా, దాన్ని కామ్డెన్ టౌన్ దగ్గర పట్టుకొచ్చారు.

టోక్యోలోని ఉయెనో జూ కథ ఇంకా చేదు. 1943 ఆగస్టులో నగర గవర్నర్ ప్రమాదకరమైన జంతువులను చంపమని ఉత్తర్వు ఇచ్చాడు. అప్పటికి టోక్యో మీద పెద్ద బాంబు దాడులు మొదలే కాలేదు, అవి వచ్చింది 1944 చివర్లో. అంటే ఆ ఉత్తర్వు జంతువుల గురించి కాదు, యుద్ధం ఇంటిదాకా వచ్చిందని జనానికి చెప్పడానికి. జాన్ అనే ఏనుగుకు విషం కలిపిన బంగాళాదుంపలు వేస్తే మంచివి ఏరుకుని తిని మిగతావి పక్కన పడేసింది. చర్మం మందానికి సూదులు దిగలేదు. చివరికి మూడు ఏనుగులనూ తిండి పెట్టకుండా చంపారు. జాన్ ఆగస్టు చివర్లో పోతే, టోంకీ సెప్టెంబరు 23 దాకా కొట్టుకుంది. ఆకలితో ఉన్న ఆ ఏనుగులు కీపర్ కనిపించగానే నేర్పిన ఆటలన్నీ ఆడేవి, ఆడితే ఏదైనా పెడతారేమోనని. యుద్ధం అయ్యాక అక్కడి పిల్లలు ఏనుగు కావాలని ఉత్తరాలు రాస్తే నెహ్రూ 1949లో మైసూరు వైపు నుంచి ఇందిర అనే ఏనుగును పంపారు.

బాగ్దాద్ గురించి ఒక సంగతి కలుపుతాను. 2003కు ముందు ఆ జూలో ఆరు వందలకు పైగా జంతువులు ఉండేవి, లూటీ అయ్యాక మిగిలినవి 35 దాకా. తినదగ్గవి, అమ్మదగ్గవి, పక్షులు ముందు పోయాయి. మిగిలినవి ఎక్కువగా సింహాలు, పులులు, ఎలుగులు. దొంగలు తలుపు తీయడానికి భయపడ్డవే బతికాయి. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన జంతు సంరక్షకుడు లారెన్స్ ఆంథోనీ, అక్కడి సిబ్బంది మొదటి రోజులంతా చేసింది బకెట్లతో నీళ్లు మోయడమే. సింహాలకు మేతగా గాడిదలు కొన్నారు. ఒక జాతిని కాపాడడానికి ఇంకో జాతిని కోయడం గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు గానీ, అక్కడ పని చేసేవాడికి అది రోజువారీ లెక్క.

పొదరిల్లు:
ఇద్దరికీ ధన్యవాదాలు. దాణా బస్తా సంగతి నాకు అసలు తెలియదు. మరి సాయం వెళ్లిన బృందం లోపలికి అడుగుపెట్టాక? ఎముకల గూడులా ఉన్న సింహానికి కడుపునిండా పెట్టి లారీ ఎక్కించడమేనా?

తెల్లకోటు:
కడుపునిండా పెట్టడమే మొదటి ప్రమాదం అండీ. చాలా రోజులు పస్తున్న ఒంట్లో భాస్వరం, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు అడుగంటి ఉంటాయి. ఒక్కసారిగా తిండి పడగానే ఇన్సులిన్ పెరిగి, రక్తంలో మిగిలిన ఆ కాస్త భాస్వరాన్నీ కణాల్లోకి లాగేస్తుంది. గుండె కొట్టుకోవడం తప్పుతుంది, ఊపిరి కండరాలు సడలుతాయి. జంతువు మొదటి రెండు రోజులు తేరుకున్నట్టే కనిపించి మూడో నాలుగో రోజు పోతుంది. పిండి, చక్కెర ఉన్న తిండితో ఇది ఎక్కువ. అందుకే ఆకలిగొన్న ఎలుగుకు రొట్టెలు, బెల్లం నీళ్లు పెట్టడం కన్నా చెడ్డ ఆలోచన లేదు. ముందు నీళ్లు, అవీ కొద్దికొద్దిగా. బి1 విటమిన్ సూది. తర్వాత, ఇప్పుడున్న బరువుకు కావాల్సిన మేతలో పావు వంతు, రోజుకు మూడు నాలుగు భాగాలుగా. పూర్తి మేతకు రావడానికి 7 నుంచి 10 రోజులు తీసుకోండి. ఆరోగ్యంగా ఉన్న సింహం రోజుకు 5–7 కిలోలు తింటుంది, అది గమ్యం మాత్రమే. ఎముక లేని మెత్తటి మాంసమే నెలల తరబడి పెట్టి ఉంటే కాల్షియం కొరత ఉంటుంది, సింహం పిల్లలకైతే కాళ్లు వంకర తిరిగి ఉంటాయి. వాటిని ఎత్తేటప్పుడే ఎముక విరగొచ్చు.

మత్తు దగ్గర నిజంగా చేతులు వణికేది. బక్కచిక్కిన జంతువు బరువును కంటితో అంచనా కట్టి, పుస్తకంలో సింహానికి రాసిన మోతాదు వేస్తే లేవదు. రెండో చిక్కు మందు పరిమాణం, లెక్క చూపిస్తాను. వాడే మత్తుమందులు రెండు. 120 కిలోల సింహానికి మెడిటోమిడిన్ కిలోకు 0.04 మిల్లీగ్రాముల చొప్పున దాదాపు 5 మిల్లీగ్రాములు, కీటమిన్ కిలోకు 2.5 చొప్పున 300 మిల్లీగ్రాములు. కుక్కలకు వాడే మామూలు సీసాలో మెడిటోమిడిన్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రామే, అంటే అదే 5 మిల్లీలీటర్లు. కీటమిన్ మామూలుది మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల చొప్పున 3 మిల్లీలీటర్లు. మొత్తం 8 మిల్లీలీటర్లు. గొట్టంతో ఊది దూరం నుంచి కొట్టే మీ బ్లోపైప్ డార్ట్‌లో (మందు సూదిలో) పట్టేది 3. రెండు మూడు డార్ట్‌లు కొడితే మొదటిదానికే జంతువు రెచ్చిపోతుంది, రెండోది సరిగ్గా తగలదు, ఎంత మందు లోపలికి పోయిందో మీకే తెలియదు. అందుకే గాఢత ఎక్కువున్న జూ మందు ముందే తెచ్చుకోవాలి. కీటమిన్ చాలా దేశాల్లో మాదకద్రవ్యాల చట్టం కిందికి కూడా వస్తుంది, సరిహద్దులో అనుమతి కాగితం లేకపోతే బృందం చేరుతుంది, మందు ఆగిపోతుంది.

కొట్టాక 15 నిమిషాలు ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. ఈ మందుల మిశ్రమంలో ఉన్న సింహం పెద్ద చప్పుడుకు ఉన్నట్టుండి లేచి కూర్చోగలదు, యుద్ధప్రాంతంలో చప్పుడు మన చేతిలో లేదు. చెవుల్లో దూది, కళ్లకు లేపనం, పైన గుడ్డ. గుదం దగ్గర ఉష్ణోగ్రత ఐదు నిమిషాలకోసారి చూడండి. 40 డిగ్రీలు దాటితే పొట్టకు, పాదాలకు నీళ్లు కొట్టాలి. 41 అయితే ఆ పని అక్కడితో ఆపి విరుగుడు వేయాలి. విరుగుడు అటిపామెజోల్, మెడిటోమిడిన్ మిల్లీగ్రాములకు ఐదు రెట్లు. కానీ కీటమిన్ ఇచ్చిన అరగంటలోపు వేస్తే కీటమిన్ ఒక్కటే మిగిలి ఒళ్లు బిగుసుకుపోయి మూర్ఛ వస్తుంది. పులికి జోలెటిల్ అనే మత్తుమందు వాడకండి, రోజుల తర్వాత నరాల సమస్యలు వచ్చిన కేసులు ఉన్నాయి.

ప్రయాణంలో మాత్రం మత్తు వద్దు. మత్తులో ఉన్న జంతువు లారీ కుదుపులకు తనను తాను నిలబెట్టుకోలేదు, వాంతి గొంతుకు అడ్డం పడుతుంది. మెలకువతో, క్రేట్‌లో వెళ్లాలి. వ్యవధి ఉంటే రెండు మూడు వారాలు క్రేట్‌లోనే మేత పెట్టి అలవాటు చేస్తే మత్తు అవసరమే ఉండదు. పెద్ద సింహానికి లోపల పొడవు రెండు మీటర్లు, నిలబడితే తల పైకప్పుకు తగలని ఎత్తు, రెండు చివరలా జారుడు తలుపులు, బయటి నుంచి నింపే నీటి గిన్నె. తలుపుకు తాళం చాలదు, అడ్డంగా బోల్టు వేయాలి. క్రేట్లు ఒకదానికొకటి ఆనించి పేర్చితే మధ్యవాటికి గాలి ఆడదు, జానెడు సందు వదలండి.

కాగితాలు లారీ కన్నా నెమ్మదిగా కదులుతాయి. అడవి జంతువుల అంతర్జాతీయ రవాణా, వ్యాపారాలపై ఉన్న సైటిస్ ఒప్పందంలో పులి మొదటి అనుబంధంలో ఉంది: తీసుకునే దేశం ముందు దిగుమతి పర్మిట్ ఇవ్వాలి, ఆ తర్వాతే పంపే దేశం ఎగుమతి పర్మిట్. ఆఫ్రికా సింహం రెండో అనుబంధం, ఎగుమతి పర్మిట్ చాలు. అది ఆరు నెలలు చెల్లుతుంది. యుద్ధంలో ఉన్న దేశంలో ఆ సంతకం పెట్టే ఆఫీసరు ఎక్కడున్నాడో వెతకడమే సగం పని. 2017లో మోసుల్ నుంచి సింబా అనే సింహాన్ని, లూలా అనే ఎలుగును తెస్తుంటే చెక్‌పోస్ట్ దగ్గర రోజుల తరబడి ఆపేశారు, క్రేట్లు లారీ మీదే ఉన్నాయి. అదే ఏడాది అలెప్పో దగ్గరి జూ నుంచి 13 జంతువులను టర్కీ మీదుగా జోర్డాన్‌లోని అల్ మావా అనే జంతు ఆశ్రయానికి చేర్చారు. ఆ గుంపులో ఒక ఆడ సింహం చేరిన కొన్ని గంటలకే ఈనింది. నిండు చూలుతో లారీలో వచ్చిందన్నమాట.

ఎర్రమట్టి:
ఇంత కష్టపడి చివరికి చేర్చేది కంచె లోపలికే కదా. నాకు పొదరిల్లు గారి రెండో ప్రశ్నే సరైనదనిపిస్తోంది. స్వేచ్ఛ అంటే అడవే. మిగతాదంతా మన తృప్తి కోసం.

ఆకురాయి:
ఎర్రమట్టి గారూ, అడవి యుద్ధానికి బయట ఉందని ఎవరు చెప్పారు? మొజాంబిక్‌లో 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం నడిచింది. గొరొంగోసా అడవిలో పెద్ద జంతువులు 90 శాతానికి పైగా తగ్గిపోయాయి. మాంసం సైనికులు తిన్నారు, దంతం ఆయుధాలకు పోయింది. దంతాల కోసం చంపుతుంటే దంతం లేని ఆడ ఏనుగులే మిగిలి పిల్లల్ని కన్నాయి. యుద్ధానికి ముందు దంతం లేని ఆడవి 18.5 శాతం, తర్వాత 50.9 శాతం. వాటికి తాళం లేదు, కంచె లేదు. అయినా యుద్ధం వాటి తర్వాతి తరం ముఖం మార్చేసింది.

ఎర్రమట్టి:
అది ఒప్పుకుంటాను. అయినా అడవిలో చావడం, బోనులో బతకడం ఒకటి కావు.

గడియ:
కావు. కానీ బోనులో పుట్టినదానికి ఆ రెండింటిలో ఎంచుకునే అవకాశం ఎప్పుడూ రాలేదు, మనం దాని తరఫున ఎంచుతున్నాం. అక్కడ నేను స్వేచ్ఛ అనే పెద్ద మాట పక్కన పెట్టి చిన్న ప్రశ్నలు వేసుకుంటాను. ఎండ, నీడ రెండూ ఉన్నాయా? ఎవరికీ కనపడకుండా పోగలదా? ఎత్తు ఎక్కగలదా? తినాలనిపించనప్పుడు తినకపోతే ఎవరైనా గొట్టంతో నీళ్లు కొడతారా? ఇవి ఉంటే కంచె ఉన్నా దాని రోజు దాని చేతిలో ఉన్నట్టే.

2022 సెప్టెంబరులో, యుద్ధంలో ఉన్న ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ జూ నుంచి చిచి అనే చింపాంజీ తప్పించుకుని రోడ్ల మీద తిరిగింది. ఎవరూ తుపాకీ ఎత్తలేదు, మత్తు వేయలేదు. ఒక కీపర్ దానితో మాట్లాడుతూ పక్కనే ఉంది. వాన మొదలవగానే అదే ఆమె దగ్గరికి పరుగెత్తుకొచ్చింది, ఆమె తన పసుపుపచ్చ కోటు తొడిగి సైకిలు మీద ఎక్కించుకుని తెచ్చింది. ఎర్రమట్టి గారి లెక్కలో ఇది ఓటమి. నాకు మాత్రం ఆ చింపాంజీ వానా, కోటా అని చూసుకుని తేల్చుకున్నట్టే కనిపిస్తుంది.

తెల్లకోటు:
ఒక అసౌకర్యమైన మాట కూడా చెప్పాలి. కొన్నిటికి విడుదల అంటే సూదే. మొదటి ప్రపంచయుద్ధంలో వాడిన గుర్రాలను బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో అమ్మేసి వెళ్లిపోయింది. 1930లో డోరతీ బ్రూక్ అనే ఆంగ్లేయురాలు కైరోకు వచ్చేసరికి అవి ముసలివై, పుండ్లతో బండ్లు లాగుతున్నాయి. ఆమె చందాలు పోగేసి దాదాపు 5,000 గుర్రాలను కొనిపించింది. చాలావాటికి చేయగలిగింది రెండు రోజులు మెత్తటి పరుపు, కడుపునిండా మేత, ఆ తర్వాత నొప్పి లేని చావు. వెన్నెముక దెబ్బతిన్న, దవడ పుచ్చి తినలేని సింహాన్ని వెయ్యి కిలోమీటర్లు మోసుకెళ్లి ఫొటో తీయించడం కన్నా అదే నిజాయితీ అనుకుంటాను. ఈ విషయంలో బృందాల మధ్య పెద్ద గొడవలే అవుతాయి.

పొదరిల్లు:
నా ప్రశ్నకు నేననుకున్న రెండు జవాబులూ కావన్నమాట. ఆఖరిగా ఒకటి: బతికి చేరినవి కొత్త చోట తలుపు తీయగానే బయటికి పరుగెత్తుతాయా?

గడియ:
వీడియోల్లో చూపించేది పరుగెత్తినవాటినే. సిమెంటు మీద పెరిగిన సింహానికి గడ్డి కొత్త వస్తువు. ఒక పాదం పెట్టి, వెనక్కి తీసుకుని, విదిలించి చూసుకుంటుంది. కొన్ని రోజుల తరబడి గడప దాటవు. దాటాక కూడా చాలావాటికి పాత అలవాటు పోదు: అంత మైదానం ముందున్నా గోడ వారనే నాలుగు అడుగులు ఇటు, నాలుగు అటు, పాత బోను కొలత ఎంతో అంతే తిరుగుతాయి. గడ్డిలో ఆ మేరకు దారి పడిపోతుంది. వెనక నుంచి అదిలిస్తే, గొట్టంతో తోలితే ఇంకా ముడుచుకుంటాయి.

మేతను గడప మీద సగం లోపల, సగం బయట పెట్టండి. తిన్నదంటే మర్నాడు ఒక మీటరు ముందుకు జరపండి. తినకపోతే జరపొద్దు, అక్కడే ఉంచండి. వెనక తలుపు మాత్రం ఏ రోజూ మూయకండి.